మూత మీద నీళ్ళు

పోయినవారం సంధ్యారాణిని షెడ్డులో, మానిటర్ ముందు, తల పట్టుకుని కూర్చున్న చోట వదిలేసి వచ్చేం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కణ్నించి లేవలేదు. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

చోడవరం నుంచి రోలుగుంట పోయే దారిలో ఒకప్పుడు బెల్లం దిమ్మలు నిలవ చేసిన గోడౌన్ ఒకటుంది. దాన్ని బాగుచేయించి, ఫణిశ్రీనివాస్ అనే ఊరాయన తండ్రి పేరు పెట్టుకుని ‘కామేశం ఏరోవర్క్స్’ అని బోర్డు కట్టేడు. బోర్డు చూసి విమానం కనపడుతుందేమోనని లోపలికి తొంగిచూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. లోపల విమానం లేదు. విమానం రెక్కలోంచి ఊడదీసిన ఇంధనం ట్యాంకు ఉంది. రెండు గేదెల్ని పక్కపక్కన కట్టేస్తే ఎంత చోటు పడుతుందో అంత ఉంటుంది. దానిచుట్టూ పైపులు, తీగలు, కింద వేడిచేసే పలక, పక్కన ఒక మానిటర్.

ఇంతకీ అక్కడ చేసే పనేమిటంటే, విమానం ట్యాంకులో ఇంధనం సగానికి దిగితే మిగతా సగం ఖాళీ అనుకుంటాం కదా, అది ఖాళీ కాదు. అందులో ఇంధనం ఆవిరి కలిసిన గాలి ఉంటుంది. విమానాన్ని ఎండలో నిలబెట్టి, ట్యాంకు కింద ఏసీ మిషన్లు ఆడిస్తూ ఉంటే ట్యాంకు కాగుతుంది, ఆవిరి పెరుగుతుంది. ఒక హద్దు దాటేక ఎక్కడో ఒక తీగ దగ్గర చిన్న నిప్పురవ్వ పుడితే ఇంక చెప్పుకోడానికేం ఉండదు. అందుకని ఆ ఖాళీలోకి నైట్రోజన్ పంపించి, మంటకి గాలి అందకుండా చేసే ఏర్పాటు ఇప్పుడు చాలా విమానాల్లో ఉంది. ఫణిశ్రీనివాస్ తయారుచేసిన యూనిట్ వేరే దారి పట్టింది. అది ట్యాంకులోని ఆవిరిని పీల్చి, చల్లబరిచి, చుక్కలుగా మార్చి మళ్ళీ ట్యాంకులోకే వదులుతుంది. ఆవిరే లేకపోతే అంటుకునేదేముంది అన్నది ఆయన మాట. మాట మంచిదే. ఎవరూ కాదనలేరు.

ఆ యూనిట్ బాగా పనిచేస్తోందని పరీక్షలు చేసి సంతకం పెట్టింది మన సంధ్యారాణి. రోలుగుంట అవతల చెరకు పండించుకునే ఇంట్లోంచి వచ్చి ఇంజనీరింగు చదివిన పిల్ల. ఆ సంతకం చూసుకుని హైదరాబాదులో ఒక విమానాల మరమ్మతు కంపెనీవాళ్ళు ఓ పాత విమానానికి యూనిట్ బిగించుకున్నారు. దాన్ని నిలువెండలో పెట్టి, నైట్రోజన్ కట్టేసి, ఒక్క యూనిట్ మీదే నడిపి చూస్తారు. ఆ ట్రయల్ ఈవేళ మధ్యాహ్నం. యూనిట్ బిగించడానికి ఇక్కణ్నించి వెళ్ళిన ఫిట్టర్ శివాజీ. మన షెడ్డు ఊడ్చి, నీళ్ళు పట్టే నూకరత్నానికి ఒక్కగానొక్క కొడుకు.

అంతా సవ్యంగా ఉందనుకుంటున్న సమయంలో, నిన్న ఊరికే మరోసారి నడిపి చూద్దామని సంధ్యారాణి ట్యాంకు వేడిచేసింది. యూనిట్ ఆడుతూనే ఉంది. ఆవిరి మాత్రం మానిటర్ మీద ఎర్రగీత దాటి పైకి పోయింది. ఆ గీత దాటిందంటే రవ్వ తగిలితే అంటుకుంటుందని అర్థం. రిపోర్టు కోసం పరీక్షలు మొదలెట్టేక ఒక్కసారి కూడా దాటనిది నిన్నెందుకు దాటింది? అక్కడ ఆపేం.

ఇక ఈవారం.

సంధ్యారాణి పొద్దున్నే వచ్చి మళ్ళీ వేడిపలక వేసింది. పైపుల జాయింట్లన్నీ నిన్ననే సబ్బునీళ్ళు రాసి చూసేసింది, ఎక్కడా బుడగ రాలేదు. సెన్సర్ పాడైందేమోనని కొత్తది మార్చింది, అదీ అదే అంకె చూపించింది. యూనిట్ మోటారుకి చెవి ఆనించి విన్నా తేడా లేదు. నిన్నటికీ మొన్నటికీ మధ్య ఈ షెడ్డులో మారిందేమిటో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఆ పిల్లకి అందలేదు. కళ్ళముందే అంకె పెరుగుతోంది. ఎర్రగీత తాకింది, దాటింది. ఆపేద్దామని స్విచ్చి మీద చెయ్యి వేసింది గాని, ఎంతవరకూ పోతుందో చూద్దామని మళ్ళీ వెనక్కి తీసింది.

ఆ వేళకి నూకరత్నం వచ్చింది. చీడికాడలో అన్నగారి కూతురి పెళ్ళికి వెళ్ళి, నిన్నంతా పనికి రాలేదు. చేతులకి ఇంకా పసుపు పోలేదు. కొంగు దోపుకుని షెడ్డంతా ఊడ్చింది, పెళ్ళిలో వంకాయకూర అడుగంటించేరని వంటవాళ్ళని తిట్టింది, పెళ్ళికొడుకు మరీ బక్కపీనుగని వంక పెట్టింది. సంధ్యారాణి ఊఁ కొడుతోంది గాని చెవిలోకి ఒక్క ముక్క ఎక్కడం లేదు. నూకరత్నం గోడవార మడతపెట్టిన గోనెసంచులు బకెట్లో ముంచి, నీళ్ళోడుతుండగానే తీసుకొచ్చి, ట్యాంకు పైన బారుగా పరిచేసింది. మిగిలిన నీళ్ళు చేత్తో వాటి మీద చిలకరించి, బకెట్ పట్టుకుని వెళ్ళిపోయింది.

సంధ్యారాణి మానిటర్ కేసి చూస్తూనే ఉంది. పైకి పోతున్న అంకె నిలిచింది. కాసేపు ఊగిసలాడింది. తర్వాత మెల్లిగా దిగడం మొదలెట్టింది. దిగి, దిగి, ఎర్రగీత కిందికి వచ్చేసి అక్కడే కూర్చుంది.

ఆ పిల్ల మానిటర్ వంక చూసింది, తలెత్తి గోనెల వంక చూసింది.

ఇక్కడ నేను ఒక మాట అనాలి. మనవైపు వేసవిలో తడిగోనె కప్పనిదేముంది చెప్పండి? నీళ్ళ డ్రమ్ము మీద తడిగోనె, పాలక్యాను మీద తడిగోనె, కొత్తగా నాటిన మొక్క మొదట్లో తడిగోనె. చిన్నప్పట్నుంచీ చూసి చూసి మన కంటికి అది ఆనదు. గోడకి సున్నం ఉన్నట్టు అదీ ఉంటుంది. బయటివాడెవడైనా ఈ షెడ్డులోకి వచ్చి ఉంటే, విమానం ట్యాంకు మీద ఈ గోనెలేమిటని వచ్చిన రోజే అడిగేవాడు. మనవాళ్ళు ఒక్కరూ అడగలేదు. ఇంజనీరింగు చదివిన సంధ్యారాణీ అడగలేదు. రోజూ ఆ గోనెల పక్కనే నిలబడి అంకెలు రాసుకుంది. ఇంధనంలో వేడి ఎంతుందో కొలిచింది, పలక వేడి కొలిచింది, ట్యాంకు పైరేకు వేడి కొలవాలని మాత్రం తోచలేదు.

సంధ్యారాణి వాళ్ళమ్మ ఆనపకాయ కూర వండేటప్పుడు గిన్నె మీద పళ్ళెం మూత పెట్టి, ఆ మూతలో చల్లటి నీళ్ళు పోస్తుంది. లోపల ఆవిరి పైకి వచ్చి చల్లటి మూతకి తగిలి, చుక్కలై మళ్ళీ కూరలోకే పడుతుంది. కూర మాడదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. ట్యాంకు పైన తడిగోనె చేస్తున్నది అచ్చంగా అదే పని. యూనిట్ చెయ్యాల్సిన పని అంతా మూత చేసేస్తోంది. పేరు యూనిట్‌కి వచ్చింది.

అయినా అనుమానం అనుమానమే కదా, రుజువు కావాలి. సంధ్యారాణి లేచి గోనెలన్నీ లాగి కింద పడేసింది. రేకు మళ్ళీ కాగింది, అంకె లేచి గీత దాటింది. మళ్ళీ తడిపి పరిచింది, దిగింది. చివరికి గోనెలు ఉంచి యూనిట్ కట్టేసింది. మోటారు చప్పుడు ఆగిపోయి షెడ్డు నిశ్శబ్దమైపోయింది. అంకె కదుల్తుందేమో, కదలాలి దేవుడా అని ఆ పిల్ల మనసులో దండం పెట్టుకుంది. అంకె కదల్లేదు. యూనిట్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనన్నమాట. ఇన్ని నెలల చాకిరీ ఆ తడిగోనెల కింద నలిగిపోయింది. ఏడుపొచ్చింది గాని ఏడవడానికి తీరిక లేదు. ఈవేళ మధ్యాహ్నం హైదరాబాదులో విమానం మీద గోనెలుండవు. ఆ రెక్క కింద శివాజీ ఉంటాడు.

బయట కుళాయి దగ్గర బకెట్ కడుక్కుంటున్న నూకరత్నం దగ్గరికి వెళ్ళింది. ఊరి వరసన పిన్నీ అని పిలుస్తుంది.

“ఆ గోనెలు ఎప్పట్నుంచి తడుపుతున్నావు పిన్నీ?”

“ఎండలు ముదిరినకాడ్నించీ తడుపుతన్నాను. సెయ్యేస్తే సుర్రుమంటంది కదమ్మా, డబ్బా మాడిపోతాదని.”

“నీకు నువ్వే వేసేవా, ఎవరైనా వెయ్యమన్నారా?”

నూకరత్నం నవ్వింది. మొదట తనకే తోచిందట. తర్వాత సారు చూసి, బాగా చేస్తున్నావు, ఏ రోజూ మానొద్దు అన్నారట. అంత పెద్దాయన తన పని చూసి మెచ్చుకున్నందుకు ఆవిడకి అప్పట్లో కడుపు నిండిపోయింది. ఇంకా ఏమందంటే, గొంతు తగ్గించి, “పెళ్ళికెల్తానంటే మా తోటికోడల్ని పంపమన్నారమ్మా, గోనెలు తడపడానికే. అదేటో రానట్టుంది. సారుకి సెప్పీకు, ఏటనుకుంటారో” అంది.

సంధ్యారాణి అప్పటిదాకా తెలీక జరిగిన పొరపాటు అనుకుంటోంది. సారూ నేనూ ఇద్దరం మోసపోయేం, వెళ్ళి చెప్తే ఆయనా నాలాగే అదిరిపోతాడు, ఇద్దరం కలిసి హైదరాబాదుకి ఫోన్ చేస్తాం అనుకుంటూ వచ్చింది. ఊడ్చే మనిషి సెలవు పెడితే గోనెలు తడపడానికి ఇంకో మనిషిని పంపమన్నాడంటే, ఆయనకి తెలీకేం? తెలుసు. బాగా తెలుసు.

ఫణిశ్రీనివాస్ గది షెడ్డు చివర ఉంటుంది. అద్దాల గది, లోపల ఏసీ, గోడ మీద కామేశంగారి ఫొటో, దానికి వాడిన దండ. ఆయన లాప్‌టాప్ ముందు కూర్చుని, హైదరాబాదు వాళ్ళకి పంపే మెయిల్ ఏదో రాసుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, నిమ్మళంగా మాట్లాడతాడు, ఎవర్నీ ఒక్క మాట అని ఎరగడు. బెంగుళూరులో పెద్ద జీతం వదులుకుని, మనూళ్ళో ఇలాంటి పని జరగాలన్న పంతంతో వచ్చేడు. ఆ పంతం చూసే సంధ్యారాణి విశాఖపట్నంలో వచ్చిన ఉద్యోగం కాదని ఇక్కడ చేరింది. ఆయనంటే ఆ పిల్లకి గురువుగారంత గౌరవం. అందుకే నిలబడి ఎలా మొదలెట్టాలో తెలీక కాసేపు తలుపు దగ్గరే ఆగింది.

చివరికి జరిగింది జరిగినట్టు చెప్పింది. నిన్న గోనెలు లేవు, ఆవిరి గీత దాటింది. ఈవేళ గోనెలు పడ్డాయి, దిగింది. యూనిట్ కట్టేసినా దిగే ఉంది. ఇంతే చెప్పి, నూకరత్నం పేరు ఎత్తకుండా ఊరుకుంది.

ఆయన అదిరిపోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, కూర్చోమన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు.

“యూనిట్ ఎందుకు కట్టేసేవు?” అని అడిగేడు.

ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్లకి మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. గోనెలేమిటి అని అడగలేదు మరి.

“మీకు తెలుసు కదా సార్.”

ఆయన అబద్ధం ఆడలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి. మొదట్లో తెలీదన్నాడు. యూనిట్ అంకెలు ఎంతకీ దిగక, ఇంక మూసేద్దామనుకుంటున్న రోజుల్లో ఉన్నట్టుండి దిగేయట. ఆ రోజు ఆయన ఇంటికెళ్ళి వాళ్ళమ్మ లక్ష్మీసుందరిగారి కాళ్ళకి దండం పెట్టేడట. ఆనందంలో హైదరాబాదు వాళ్ళకి కబురు పెట్టేసేడు. గోనెల సంగతి కంటపడింది ఆ తర్వాత. అప్పటికి వాళ్ళు విమానం కేటాయించేసేరు, ఇక్కడ మనుషుల్ని పెంచేసేం, ఎక్కడ ఆపమంటావు అన్నాడు. యూనిట్‌ని ఈలోగా సరిచేసేస్తాననుకున్నాడు. రాత్రింబగళ్ళు దానిమీదే కూర్చున్నాడు. సగం దాకా వచ్చింది గాని, పూర్తిగా రాలేదు. చెడ్డవాడు కాడు. కాని ఒక తప్పు కప్పిపెట్టడానికి మంచివాళ్ళు పడే పాట్లు చూస్తే చెడ్డవాళ్ళే నయమనిపిస్తుంది ఒక్కోసారి.

సంధ్యారాణి ఇవన్నీ వింది. జాలి వేసింది కూడా. అయినా ట్రయల్ ఆపమంది.

ఒక్క ట్రయల్ అన్నాడాయన. ఒక్క మధ్యాహ్నం గడిచిపోతే వాళ్ళు ఒప్పందం మీద సంతకం పెడతారు, మనకి ఏడాది వ్యవధి దొరుకుతుంది, ఆ ఏడాదిలో యూనిట్‌ని నిజంగానే పనిచేసేలా చేద్దాం, నువ్వూ నేనూ కలిసి చేద్దాం అన్నాడు. ఆ విమానం తీగలన్నీ వాళ్ళు కొత్తవి వేసేరు, పంపులన్నీ చూసుకున్నారు, భయం లేదన్నాడు.

“ఆవిరి ఉన్నంతమాత్రాన అంటుకోదు సంధ్యా. రవ్వ పుట్టాలి. అక్కడ రవ్వ పుట్టే చోటే లేదు.”

“రవ్వ ఎక్కడ పుడుతుందో ఎవరూ చెప్పలేరనే కదా సార్, ఆవిరి తగ్గించే పనిలోకి మనం దిగింది. నేను చేరిన రోజున ఈ మాట మీరే చెప్పేరు.”

సంధ్యారాణి అక్కడితో ఆపలేదు. ఆ రిపోర్టు మీద ఉన్నది నా సంతకం సార్ అంది. తప్పంతా మీదేనని నేను అనడం లేదు, నా పరీక్షే తప్పు, పైరేకు వేడి చూసుకోని బుద్ధితక్కువ నాది అంది. ఆ మాట మీరు చెప్పకపోతే ఉదయ్‌కుమార్‌గారికి నేనే చెప్పేస్తాను అంది. ఉదయ్‌కుమార్ అంటే హైదరాబాదులో ఆ ట్రయల్ చూసే ఇంజనీరు.

ఫణిశ్రీనివాస్ అప్పుడు వేరే దారి తొక్కేడు. ఈ షెడ్డు మూతపడితే ఎంతమంది ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోతుందో చెప్పేడు. చోడవరంలో ఇంకెవడూ ఇలాంటి పని తలపెట్టడన్నాడు. బెల్లంగోడౌన్లో విమానం పనేమిట్రా అని నవ్వినవాళ్ళంతా మళ్ళీ నవ్వుతారన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళు నీళ్ళతో నిండేయి. నటన కాదు, నిజం కన్నీళ్ళే.

“అక్కడ రెక్క కింద శివాజీ ఉంటాడు సార్” అంది సంధ్యారాణి.

ఆయన తల దించుకున్నాడు. శివాజీని ఫిట్టర్ పనిలోకి తీసుకుని, దగ్గర కూర్చోబెట్టి పని నేర్పించింది ఆయనే. మొన్న హైదరాబాదు రైలెక్కించేటప్పుడు కూడా స్వయంగా స్టేషన్‌కి వెళ్ళి జాగ్రత్తలు చెప్పేడు. చివరికి లేచేడు.

“సరే. నేనే చెప్తాను. కంపెనీ తప్పు కంపెనీయే ఒప్పుకోవాలి. నీ నోటంట రాకూడదు” అన్నాడు.

ఫోన్ పట్టుకుని బయట వరండాలోకి వెళ్ళేడు. అద్దంలోంచి సంధ్యారాణికి కనపడుతూనే ఉన్నాడు. అటూ ఇటూ నడుస్తూ మాట్లాడేడు, నుదుటి చెమట తుడుచుకున్నాడు, ఒకసారి ఆగి చెయ్యి గాలిలో ఊపేడు. లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“చెప్పేసేను. ఆపేస్తారు.”

సంధ్యారాణి అప్పుడు కూర్చుంది. ఏదో అనాలనుకుంది, థాంక్స్ సార్ అని మాత్రం అనగలిగింది. పెద్దమనిషిని అంత మాట అన్నానే అని సిగ్గేసింది. అన్నీ పోయినా ఈయన దగ్గరే ఉండి మొదట్నుంచీ పని మొదలెడతాను అని అప్పటికప్పుడు మనసులో గట్టిగా అనుకుంది కూడా. చూసేరా, ఎంత వేగిరం కరిగిపోయిందో.

ఇంతలో నూకరత్నం గ్లాసుల్లో మజ్జిగ పట్టుకుని వచ్చింది. ఉప్పూ, కరివేపాకూ నలిపి వేసి, చల్లగా చేసింది. ఒక గ్లాసు ఫణిశ్రీనివాస్‌కి ఇచ్చి, ఒకటి సంధ్యారాణికి ఇచ్చి, ఇద్దరి మొహాలు చూసి ఏటైందమ్మా అని అడిగింది. సంధ్యారాణి జరిగిందంతా చెప్పలేదు. హైదరాబాదులో ఈవేళ పని ఆగిపోయింది పిన్నీ, శివాజీ తొందరగా వచ్చేస్తాడు అని మాత్రం చెప్పింది.

నూకరత్నం మొహం విచ్చుకుంది. గుంటడు వెళ్ళిన దగ్గర్నుంచీ ఇంటి తిండి లేక నీరసించిపోయి ఉంటాడని బెంగపెట్టుకుని ఉంది. ఈవేళ బండెక్కితే రేపు చేపల పులుసు పెట్టొచ్చనుకుంది కాబోలు, అక్కడికక్కడే బొడ్లోంచి ఫోన్ తీసి కొడుక్కి చేసింది. ఆవిడకి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు. ఎప్పుడూ స్పీకర్ పెట్టి, అద్దంలో మొహం చూసుకుంటున్నట్టు ఎదురుగా పట్టుకుని మాట్లాడుతుంది. ఎవరితో ఏం మాట్లాడినా షెడ్డంతా వింటుంది. ఫణిశ్రీనివాస్ చెయ్యెత్తి, గది బయటికి వెళ్ళి మాట్లాడుకోమన్నాడు గాని, అప్పటికే అవతల శివాజీ ఎత్తేడు.

“ఏరా, పని ఆగిపోనాదంట కదా. ఎప్పుడొస్తన్నావు?”

“ఆగడమేటే అమ్మా? ఇప్పుడే మొదలెట్టీస్తన్నాం. మజ్జాన్నందాకా ఆగొద్దు, ఎంటనే కానిచ్చీండని మన సారు ఫోన్ సేసి సెప్పేరంట ఉదయ్‌కుమార్ సారుకి. గేటు కాడ అందరి ఫోన్లూ తీసేసుకుంటన్నారు. నాను లోనకెల్తన్నాను, పెట్టీస్తన్నా.”

ఫోన్ ఆగిపోయింది.

సంధ్యారాణి చేతిలో మజ్జిగ ఒలికింది. నూకరత్నం చేతిలోంచి ఫోన్ లాక్కుని మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్. తన ఫోన్ తీసి ఉదయ్‌కుమార్‌కి చేసింది. అదీ స్విచ్చాఫ్. లోపలికి వెళ్ళే వాళ్ళందరి ఫోన్లూ గేటు దగ్గరే ఉంచాలి, ఇంధనం ట్యాంకుల దగ్గర అది తప్పని రూలు. గేటు దగ్గర కాపలావాళ్ళకి ఒక ల్యాండ్‌లైన్ ఉంది. వాళ్ళు పరిగెత్తి వెళ్ళి చెప్తే ఇంకా ఆపొచ్చు. ఇంధనం కాగి ఆవిరి గీత దాకా రావడానికి కాస్త సమయం పడుతుంది, ఆ సంగతి ఈ షెడ్డులో సంధ్యారాణి కంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. కాని ఆ గేటు నంబరు ఆ పిల్ల దగ్గర లేదు. ఉన్నది ఫణిశ్రీనివాస్ ఫోన్లోనే.

“సార్, గేటు నంబరివ్వండి” అంది.

ఆయన వినపడనట్టు గోడ కేసి చూస్తున్నాడు. తలుపు దగ్గర నూకరత్నం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి యూనిట్ సంగతి తెలీదు, ఆవిరి సంగతి తెలీదు, తను తడిపిన గోనెల సంగతి అసలే తెలీదు. కాని సంధ్యారాణి మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం కనపడింది. ఆగిందన్న పని ఆగలేదని కొడుకు చెప్పడం వినపడింది. మెల్లిగా వచ్చి బల్ల ముందు నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ బల్లకి అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ రాలేదు.

“మా గుంటడు ఎక్కడికెల్తన్నాడు బాబూ?” అని అడిగింది.

ఫణిశ్రీనివాస్ ఫోన్ బల్ల మీదే ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, ఆ చెయ్యి తియ్యలేదు.